అమార్ఫస్ మందును డీఎస్‌సీపై పరీక్షించడం ఎలా? ఇండోమెథసిన్ ఉదాహరణగా దశలవారీ మార్గదర్శి

ఎం.ఫార్మసీ ప్రాజెక్టు చేస్తున్నవారు, ఫార్ములేషన్ విభాగాల్లో కొత్తగా చేరినవారు పదే పదే అడిగే ప్రశ్న ఇది: "ఒకే మందుకు నిన్న 42 డిగ్రీల టీజీ వచ్చింది, ఇవాళ 37 వచ్చింది. ఏది రాసుకోవాలి?" చాలాసార్లు రెండూ సరైనవే అయి ఉంటాయి. అమార్ఫస్ అంటే అణువులు స్ఫటికంలా వరుసగా అమరని, గాజు లాంటి ఘనస్థితి. డీఎస్‌సీ (డిఫరెన్షియల్ స్కానింగ్ కెలోరిమెట్రీ) అంటే పాన్ అనే చిన్న గిన్నెలో నమూనాను వేడి చేస్తూ, అది పీల్చే, వదిలే వేడిని కొలిచే పద్ధతి. ఆ గాజు మెత్తబడే ఉష్ణోగ్రతే టీజీ. ద్రవీభవన స్థానం లాగా గాజు పరివర్తన ఉష్ణోగ్రత, అంటే టీజీ, ఆ పదార్థానికి ముద్ర వేసినట్టు ఒకే అంకె కాదు. గాజును ఎంత వేగంగా చల్లార్చారు, ఎంత వేగంగా వేడి చేశారు, అందులో నీరు ఎంత ఉంది అన్న మూడింటిని బట్టి అది మారుతుంది. ఆ మూడూ చేతిలో ఉంచుకుని కొలవడం ఎలాగో కింద వివరించాను.

ఉదాహరణకు నొప్పి, వాపు తగ్గించే ఇండోమెథసిన్ అనే మందు తీసుకున్నాను. తేలిగ్గా గాజుగా మారుతుంది, టీజీ 42 డిగ్రీల దగ్గర స్పష్టంగా కనిపిస్తుంది, చేయి తిరగడానికి ఇంతకంటే మంచి మందు లేదు. ఉష్ణోగ్రతలన్నీ సెల్సియస్‌లోనే ఇచ్చాను. కెల్విన్ వాడినచోట ఆ మాట చెప్పాను.

1. ముందు ప్రశ్న తేల్చుకోండి

"థర్మల్ కారెక్టరైజేషన్ చేయాలి" అన్నది ప్రశ్న కాదు. వీటిలో మీకు కావలసింది ఏది?

- ఈ మందు అసలు గాజుగా మారుతుందా? మారితే మళ్లీ వేడి చేసినప్పుడు స్ఫటికమవుతుందా?
- స్ప్రే డ్రయ్యర్ (ద్రావణాన్ని తుంపరగా చిమ్మి ఆరబెట్టే యంత్రం) నుంచో మిల్లు నుంచో వచ్చిన ఈ పొడి ఇప్పుడు ఏ స్థితిలో ఉంది?
- నిల్వలో దీనికి ఏమవుతుంది?

మొదటి ప్రశ్నకు పాన్‌లోనే కరిగించి, చల్లార్చి, రెండో హీటింగ్ చూడాలి. రెండో ప్రశ్నకు జవాబు మొదటి హీటింగ్‌లోనే ఉంటుంది, మరెక్కడా దొరకదు. మూడోదానికి రోజుల తరబడి ఏజింగ్ ప్రయోగాలు (గాజును నిలవ ఉంచి మార్పు కొలవడం) కావాలి.

ఇక్కడే ఎక్కువమంది తడబడతారు. "పాత చరిత్ర చెరిపేద్దాం" అని పొడిని ఒకసారి కరిగించేసి, రెండో హీటింగ్ గ్రాఫ్ మాత్రమే రిపోర్టులో పెడతారు. అది మీరు కొత్తగా తయారు చేసిన గాజు గ్రాఫ్. స్ప్రే డ్రయ్యర్ నుంచి వచ్చిన పొడి గురించి అది ఏమీ చెప్పదు. మొదటి హీటింగ్ ఎంత వికారంగా ఉన్నా పారేయకండి.

2. బల్ల మీద ఉండవలసినవి

- 0.01 మిల్లీగ్రాము వరకు చూపే తూకం
- అల్యూమినియం పాన్‌లు, గాలి చొరకుండా బిగించే హెర్మెటిక్ మూతలు, సూది రంధ్రం ఉన్న మూతలు, రెండూ
- పొడి నైట్రోజన్, నిమిషానికి 50 మిల్లీలీటర్లు
- సున్నా కంటే బాగా కిందికి వెళ్లగల కూలింగ్ యూనిట్
- ఇండియం, నీలమణి బిళ్ల (యంత్రాన్ని సరిచూడటానికి)
- డెసికేటర్, వీలైతే తేమ లేని గ్లోవ్ బ్యాగు
- ఎక్స్‌రే పౌడర్ డిఫ్రాక్షన్, పోలరైజ్డ్ మైక్రోస్కోపు, కార్ల్ ఫిషర్ (నీటి శాతం కొలిచే పరీక్ష) అందుబాటు

కూలింగ్ యూనిట్ లేకపోతే ఈ పని మొదలు పెట్టవద్దనే నా సలహా. కారణం చూడండి. డీఎస్‌సీ హీటింగ్ మొదలైన తర్వాత బేస్‌లైన్ (ఏ మార్పూ లేనప్పుడు గ్రాఫ్‌లో ఉండే తిన్నని గీత) కుదురుకోవడానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది. నిమిషానికి 10 డిగ్రీల వేగంతో 25 దగ్గర మొదలు పెడితే, 45, 50 వచ్చేదాకా గ్రాఫ్ వంకరగానే ఉంటుంది. ఇండోమెథసిన్ టీజీ సరిగ్గా ఆ వంకరలో మునిగిపోతుంది. "మా నమూనాకు టీజీ లేదు" అని వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటి అసలు కథ ఇదే. టీజీకి కనీసం 40, 50 డిగ్రీల కింద మొదలు పెట్టాలి. ఇండోమెథసిన్‌కు మైనస్ 20 బాగా సరిపోతుంది.

3. మొదట టీజీఏ, తర్వాతే డీఎస్‌సీ

టీజీఏ అంటే నమూనాను వేడి చేస్తూ బరువు ఎంత తగ్గుతోందో కొలిచే పరీక్ష; దీనికీ టీజీకీ సంబంధం లేదు. 5 నుంచి 10 మిల్లీగ్రాములు తీసుకుని, నిమిషానికి 10 డిగ్రీల చొప్పున 300 దాకా వేడి చేయండి. రెండు విషయాలు చూడాలి. 120 డిగ్రీల లోపు బరువు తగ్గితే అది నీరో మిగిలిపోయిన ద్రావకమో కావచ్చు. పెద్ద తగ్గుదల ఎక్కడ మొదలవుతుందో అక్కడికి చాలా ముందే డీఎస్‌సీ ప్రోగ్రామ్ ఆగిపోవాలి.

ఈ దశ దాటేసి నేరుగా డీఎస్‌సీలో 300 దాకా తీసుకెళ్తే మందు కుళ్లి, ఆవిరి సెన్సార్ మీద పేరుకుంటుంది. ఆ తర్వాత వచ్చే ప్రతి బేస్‌లైనూ దాని ఫలితమే.

టీజీఏ చూపని సంగతి ఒకటుంది. బరువు తగ్గకుండానే అణువు విరిగిపోవచ్చు. అందుకే కరిగించి చల్లార్చిన గాజును ఒకసారైనా హెచ్‌పీఎల్‌సీలో పెట్టి (మందునూ మలినాలనూ విడదీసి కొలిచే పరీక్ష ఇది), శుద్ధత ఎంత మిగిలిందో చూడాలి. ఇండోమెథసిన్ గాజు పసుపు రంగులో ఉండటం సహజమే. గోధుమ రంగుకు తిరిగితే మాత్రం ఎక్కువసేపు కాగిందని అర్థం.

4. యంత్రాన్ని సరిచూడటం

ఇండియం ద్రవీభవనం 156.6 డిగ్రీల దగ్గర మొదలవ్వాలి. వేడి గ్రాముకు దాదాపు 28.6 జౌళ్లు రావాలి. ఇండోమెథసిన్ 161 దగ్గర కరుగుతుంది కాబట్టి ఈ ప్రమాణం దానికి చక్కగా సరిపోతుంది.

కాలిబ్రేషన్ ఏ వేగంతో, ఏ పాన్‌తో, ఏ వాయువుతో చేశారో నమూనాను కూడా వాటితోనే నడపాలి. 10 డిగ్రీల వేగంతో సరిచూసి 20తో నమూనా నడిపితే, ఉష్ణోగ్రత వెనకబాటు అంతా మీ టీజీలోకి చేరుతుంది.

తక్కువ ఉష్ణోగ్రతకు గాలియం బాగుంటుందని (29.8 డిగ్రీలు) పుస్తకాల్లో చదివి దాన్ని అల్యూమినియం పాన్‌లో పెట్టకండి. గాలియం అల్యూమినియాన్ని తినేస్తుంది, పాన్‌తో పాటు సెన్సార్ కూడా పోవచ్చు. విశిష్టోష్ణం అంకెలు కావాలంటే నీలమణితో వేరే రన్ చేయాలి.

5. పాన్ నింపడం

యంత్రానికి లక్షలు పోసి, పాన్ నింపడం దగ్గర అశ్రద్ధ చేస్తే ఫలితం ఏమీ ఉండదు. ఇక్కడ నెమ్మదిగా చేయండి.

1. ఖాళీ పాన్, మూత కలిపి తూచండి. రిఫరెన్స్ పాన్ (పోలిక కోసం పక్కన పెట్టే ఖాళీ పాన్) బరువుకు దగ్గరగా ఉన్నదాన్నే ఎంచుకోండి.
2. 5 నుంచి 8 మిల్లీగ్రాముల పొడి వేయండి. అంచు మీద ఒక్క రేణువు పడినా మూత సరిగ్గా బిగుసుకోదు. మెత్తటి కుంచెతో తుడవండి.
3. పాన్‌ను బల్ల మీద రెండు మూడు సార్లు మెల్లగా తట్టండి. పొడి అడుగంతా పలుచగా పరుచుకోవాలి. కుప్పగా ఉంటే కుప్ప పైభాగానికి వేడి ఆలస్యంగా చేరి, గ్రాఫ్‌లో టీజీ దగ్గర వచ్చే మెట్టు వెడల్పవుతుంది.
4. స్ప్రే డ్రై చేసిన పొడి దూది లాగా తేలికగా ఉంటుంది. దాన్ని గట్టిగా నొక్కితే ఒత్తిడికే స్ఫటికాలు పుట్టవచ్చు. మూతను తేలిగ్గా ఆనించినంత ఒత్తిడి చాలు.
5. మూత బిగించాక పాన్‌ను తిప్పి, అడుగును వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూడండి. ఎక్కడైనా ఉబ్బినా, సొట్ట పడినా పక్కన పెట్టేయండి. అడుగు సెన్సార్‌ను పూర్తిగా తాకకపోతే గ్రాఫ్‌లో వచ్చే గీతలకు ఏ సవరణా పనిచేయదు.
6. మొత్తం బరువు రాసుకోండి. రన్ అయ్యాక మళ్లీ తూచండి.

చివరి తూకం చాలామంది మానేస్తారు. హెర్మెటిక్ పాన్ నుంచి నీరు కారిపోయిందో లేదో చెప్పే సాక్ష్యం అదొక్కటే.

ఏ మూత వాడాలి? తేమతో ఉన్న నమూనా టీజీ కావాలంటే హెర్మెటిక్. ఎండిన మందు టీజీ కావాలంటే సూది రంధ్రం మూత పెట్టి, ముందుగా ఆరబెట్టే దశ చేర్చాలి. రంధ్రం మూతతో తడి నమూనాను నేరుగా వేడి చేస్తే 40 నుంచి 110 దాకా నీరు ఆవిరయ్యే వెడల్పాటి గుట్ట వచ్చి, టీజీని పూర్తిగా కప్పేస్తుంది.

6. పాన్‌లోనే గాజు తయారు చేయడం

గామా అనే స్ఫటిక రూపంలోని ఇండోమెథసిన్‌తో మొదలు పెట్టండి. ప్రోగ్రామ్ ఇది:

1. 25 నుంచి 172 దాకా, నిమిషానికి 10 డిగ్రీలు. 161 దగ్గర ఒకే పదునైన శిఖరం రావాలి.
2. 172 దగ్గర 3 నిమిషాలు నిలపండి.
3. మైనస్ 20 దాకా, నిమిషానికి 20 డిగ్రీల చొప్పున చల్లార్చండి.
4. అక్కడ 5 నిమిషాలు.
5. మళ్లీ 172 దాకా, నిమిషానికి 10 డిగ్రీలు.

రెండో దశకు 3 నిమిషాలు ఎందుకు? తక్కువైతే కరగని స్ఫటిక బీజాలు మిగులుతాయి. ఎక్కువైతే మందు పాడవుతుంది. కొత్త మందుకు ద్రవీభవనం మీద 10 డిగ్రీలు, 3 నిమిషాలతో మొదలు పెట్టి, హెచ్‌పీఎల్‌సీ ఫలితాన్ని బట్టి సవరించుకోండి.

మూడో దశ గ్రాఫ్‌ను కూడా దాచుకోండి. మందు గాజు కాగల స్వభావం అక్కడే బయటపడుతుంది. చల్లారుతున్నప్పుడే ఉష్ణమోచక (వేడి వదిలే) శిఖరం వస్తే అది గాజుగా నిలవని మందు, కార్బమజెపైన్ అలాంటిది. చల్లారేటప్పుడు ఏమీ లేకుండా, మళ్లీ వేడి చేసేటప్పుడు స్ఫటికమైతే మధ్యరకం. పారసెటమాల్ దానికి చక్కటి ఉదాహరణ. రెండుసార్లూ టీజీ మెట్టు తప్ప ఇంకేమీ రాకపోతే ఇండోమెథసిన్, ఫెలోడిపైన్ తరహా.

కొత్త మందులో టీజీ ఎక్కడ వెతకాలో తెలియకపోతే ద్రవీభవన స్థానాన్ని కెల్విన్‌లోకి మార్చి 0.7తో గుణించండి. ఇండోమెథసిన్‌కు 434 కెల్విన్ ఇంటూ 0.7 అంటే 304. అసలు విలువ 315. కచ్చితంగా తగలకపోయినా, ఏ ప్రాంతంలో చూడాలో తెలుస్తుంది.

7. గ్రాఫ్ చదవడం

ముందు శిఖరాల దిశ చూడండి. కొన్ని యంత్రాల్లో ఉష్ణమోచకం పైకి, కొన్నింటిలో కిందికి. గ్రాఫ్ మీద బాణం గుర్తు లేకుండా ఎవరికీ పంపకండి.

టీజీ ఒక మెట్టు. మెట్టుకు ముందు, తర్వాత కనీసం 10 డిగ్రీల మేర తిన్నని బేస్‌లైన్ తీసుకుని గీతలు గీయండి. ఆరంభ బిందువు, మధ్య బిందువు, విశిష్టోష్ణపు పెరుగుదల, మూడూ రాయండి. ఆరంభానికీ మధ్య బిందువుకూ రెండు మూడు డిగ్రీల తేడా సహజంగానే ఉంటుంది. ఒకరు ఆరంభం, ఇంకొకరు మధ్య బిందువు రాసుకుని వాదించుకోవడం తరచూ కనిపించే దృశ్యం. ఇండోమెథసిన్‌కు విశిష్టోష్ణపు పెరుగుదల గ్రాముకు, డిగ్రీకి 0.4 జౌళ్ల చుట్టూ రావాలి. అందులో సగమే వస్తే నమూనాలో సగం స్ఫటికంగా ఉందేమో అనుమానించండి.

మెట్టు చివర చిన్న ఉష్ణగ్రాహక శిఖరం ఉంటే కంగారు పడకండి. అది ద్రవీభవనం కాదు, ఎంథాల్పీ రిలాక్సేషన్. గాజు నిల్వలో ఉన్నంతకాలం నెమ్మదిగా శక్తి కోల్పోతుంది, టీజీ దగ్గర దాన్ని తిరిగి తీసుకుంటుంది. ఎంత పాతబడితే శిఖరం అంత పెద్దది.

పారసెటమాల్‌ను ఇదే పద్ధతిలో నడిపితే కథ వేరుగా ఉంటుంది. 23 డిగ్రీల దగ్గర టీజీ, ఆ తర్వాత స్ఫటికీకరణ శిఖరం, దాని తర్వాత ఒక స్ఫటిక రూపం నుంచి ఇంకోదానికి మారే చిన్న మార్పు, చివరికి 157 దగ్గర ద్రవీభవనం. మొదటి హీటింగ్‌లో 169 దగ్గర కరిగిన మందు రెండోసారి 157కే కరిగిందంటే మలినం చేరిందనుకోనక్కరలేదు. మొదటిది ఒకటో రూపం, రెండోది రెండో రూపం. ఇండోమెథసిన్‌లోనూ 161కి బదులు 155 దగ్గర శిఖరం కనిపిస్తే అది ఆల్ఫా రూపమా అని ముందు చూడండి.

ద్రవీభవన వేడి నుంచి స్ఫటికీకరణ వేడిని తీసేసి "ఇంత శాతం స్ఫటికం" అని రాసే అలవాటు మానుకోవాలి. ఆ రెండు వేడులూ వేర్వేరు ఉష్ణోగ్రతల దగ్గరివి. పూర్తిగా గాజు అయిన నమూనాకు కూడా తీసివేత సున్నా రాదు. కొద్దిపాటి స్ఫటికం ఉందా లేదా అన్నది వేడి చేయకముందే ఎక్స్‌రేతోనూ, పోలరైజ్డ్ మైక్రోస్కోపుతోనూ తేల్చాలి.

8. మాడ్యులేటెడ్ డీఎస్‌సీ ఎప్పుడు?

మాడ్యులేటెడ్ అంటే ఉష్ణోగ్రతను తిన్నగా కాక చిన్న ఊపులతో పెంచడం. ఇది వాడేది రిలాక్సేషన్ శిఖరమో, నీటి గుట్టో టీజీ మీద పడినప్పుడు. మామూలు మెట్టు స్పష్టంగా ఉంటే దీని అవసరం లేదు.

నిమిషానికి 2 డిగ్రీల వేగం, 60 సెకన్ల ఆవృత్తి, ప్లస్ మైనస్ 1 డిగ్రీ ఊపు: టీజీకి ఇది చాలు. మెట్టు వెడల్పు 8, 10 డిగ్రీలు అనుకుంటే అందులో నాలుగైదు ఆవృత్తులు పడతాయి. అంతకంటే తక్కువ పడితే గణితం నమ్మదగినది కాదు. టీజీ రివర్సింగ్ గీతలోనూ (ఊపుతో పాటు మారే భాగం), రిలాక్సేషన్ నాన్‌రివర్సింగ్ గీతలోనూ (మిగిలిన భాగం) విడివిడిగా కనిపిస్తాయి.

స్ఫటికీకరణ కూడా చూడాలంటే ఊపును 0.3 డిగ్రీలకు తగ్గించండి. అప్పుడు నమూనా ఏ క్షణంలోనూ చల్లారదు, కేవలం వేడెక్కే వేగం మారుతుంది. ద్రవీభవన ప్రాంతంలో మాత్రం ఈ రెండు గీతల విభజనకు అర్థం లేదు, మొత్తం ఉష్ణ ప్రవాహాన్నే చదవండి.

9. తేమ లెక్క

నీటి టీజీ 136 కెల్విన్ దగ్గర, అంటే మైనస్ 137. అందుకే అమార్ఫస్ మందులోకి కొద్దిపాటి నీరు చేరినా టీజీ కిందికి జారుతుంది. మిశ్రమం టీజీని లెక్కించే గోర్డన్-టేలర్ సమీకరణంలో సాంద్రతలు పెట్టి ఇండోమెథసిన్‌కు లెక్కిస్తే 1 శాతం నీటికే 5 డిగ్రీలకు పైగా తగ్గుతుంది. మొదట్లో చెప్పిన 42, 37 తేడా ఇలాంటిదే. వర్షాకాలంలో బల్ల మీద తెరిచి ఉంచిన సీసాకు ఇదేమీ పెద్ద విషయం కాదు.

- డీఎస్‌సీ పాన్ నింపిన సమయంలోనే కార్ల్ ఫిషర్‌కూ నమూనా తీయండి.
- సమీకరణం లెక్కకూ, కొలిచిన విలువకూ పెద్ద తేడా వస్తే నీరు సమంగా కలవలేదేమో, కొంత భాగం అప్పటికే స్ఫటికమైందేమో చూడండి.
- గాజును పొడి చేయడం, తూచడం తేమ లేని చోటే చేయండి. పొడి చేసేటప్పుడు రోలు వేడెక్కితే కూడా స్ఫటికాలు పుడతాయి.

10. ఏజింగ్, ఫ్రాజిలిటీ

ఏజింగ్‌కు టీజీ కింద 20 డిగ్రీలు మంచి ఆరంభం. ఇండోమెథసిన్‌కు అది 22. ప్రతి కాలవ్యవధికీ పాన్‌లో కొత్త గాజు చేసి, 22కు చల్లార్చి 0, 1, 2, 4, 8, 16 గంటలు నిలపండి. మళ్లీ మైనస్ 20కి దించి, 10 డిగ్రీల వేగంతో వేడి చేసి రిలాక్సేషన్ శిఖరం వైశాల్యం కొలవండి. 0 గంటల నమూనా వైశాల్యాన్ని అన్నింటిలోంచి తీసేయాలి. లేకపోతే ప్రతి అంకె మీదా ఒకే అదనపు భారం పడుతుంది.

గరిష్ఠంగా కోల్పోగల ఎంథాల్పీ, టీజీకీ ఏజింగ్ ఉష్ణోగ్రతకూ ఉన్న తేడాను విశిష్టోష్ణపు పెరుగుదలతో గుణిస్తే వస్తుంది: 20 ఇంటూ 0.4, గ్రాముకు 8 జౌళ్లు. మీ కొలతలు దీన్ని దాటితే ఎక్కడో తప్పు జరిగింది. కోల్‌రాష్-విలియమ్స్-వాట్స్ సమీకరణంతో రిలాక్సేషన్ కాలం లెక్కించేది ఈ విలువల మీదే.

ఫ్రాజిలిటీ అంటే టీజీ దగ్గర అణువుల కదలిక ఉష్ణోగ్రతతో ఎంత వేగంగా మారుతుందో చెప్పే కొలత. దానికి చల్లార్చే వేగం, వేడి చేసే వేగం ఒకటే ఉండాలి. 5, 10, 20, 40 వేగాలతో నడిపి, వేగపు లాగరిథమ్‌ను కెల్విన్ టీజీ విలోమానికి ఎదురుగా గీయండి. వాలు నుంచి వచ్చే ఉత్తేజన శక్తిని 2.303, వాయు స్థిరాంకం, టీజీల లబ్ధంతో భాగిస్తే ఫ్రాజిలిటీ సూచిక. ఇండోమెథసిన్‌కు 80 చుట్టూ వస్తుంది. వేగం పదిరెట్లు పెరిగితే టీజీ 4 డిగ్రీల మేర జరుగుతుందని దీని భావం. ఇంత చిన్న మార్పును పట్టుకోవాలంటే ప్రతి వేగానికీ ఇండియంతో విడిగా సరిచూడక తప్పదు.

నిల్వ ఉష్ణోగ్రత టీజీకి 50 డిగ్రీల కింద ఉండాలన్న వాడుక సూత్రం ప్రకారం ఇండోమెథసిన్ గాజు మైనస్ 8 దగ్గర ఉండాలి. ఇక వేగవంతమైన స్థిరత్వ పరీక్ష 40 డిగ్రీలు, 75 శాతం తేమ దగ్గర జరుగుతుంది. 1 శాతం నీరు పీల్చిన నమూనా టీజీ అప్పటికే 40 కిందికి పడిపోతుంది కాబట్టి ఆ చాంబర్‌లో ఉన్నది గాజు కాదు, అతిశీతల ద్రవం (ద్రవీభవన స్థానం కింద కూడా స్ఫటికం కాని ద్రవం). అక్కడి ఫలితాన్ని గది ఉష్ణోగ్రత గాజుకు సరళరేఖతో పొడిగించకండి. రామగుండం, రెంటచింతల ఎండల్లో ఏసీ లేని గోడౌన్ కూడా ఆ చాంబర్ లాంటిదే.

11. తప్పు ఎక్కడుంది?

- టీజీ మెట్టు కనిపించడం లేదు: ఆరంభ ఉష్ణోగ్రత తగ్గించండి, నమూనాను 10 మిల్లీగ్రాములకు పెంచండి, వేగం 20కి పెంచండి. అప్పటికీ రాకపోతే ఎక్స్‌రే చూడండి, అది గాజు కాకపోవచ్చు.
- టీజీ కింద సన్నని సూది గీతలు: బాగా చల్లారిన గాజు పగిలింది, లేదా పాన్ కదిలింది. పగుళ్లను తేలిగ్గా తీసుకోకండి, ఇండోమెథసిన్ గాజులో స్ఫటికాలు ఉపరితలం మీద వేగంగా పెరుగుతాయి.
- సరిగ్గా 0 దగ్గర శిఖరం: సెల్‌లో మంచు చేరింది. నైట్రోజన్ పొడిగా ఉందో లేదో, మూత సరిగ్గా పడిందో లేదో చూడండి.
- వరుస హీటింగ్‌లలో టీజీ తగ్గుతూ పోతోంది: మందు కుళ్లుతోంది. పెరుగుతూ పోతుంటే ద్రావకమో నీరో బయటికి పోతోంది.
- రెండు టీజీలు: పాలిమర్‌తో చేసిన నమూనా అయితే రెండు దశలుగా విడిపోయింది. అయితే ఒకే టీజీ వచ్చినంత మాత్రాన పూర్తిగా కలిసిందని రాయకండి. మందు, పాలిమర్ టీజీలు పది డిగ్రీల తేడాలోనే ఉంటే డీఎస్‌సీ వాటిని విడదీయలేదు.

12. రిపోర్టులో తప్పక ఉండవలసినవి

- గాజు తయారీ పద్ధతి, కరిగించిన ఉష్ణోగ్రత, నిలిపిన సమయం, చల్లార్చిన వేగం
- తయారీకీ కొలతకూ మధ్య గడిచిన సమయం, ఆ మధ్యకాలంలో నిల్వ ఉంచిన స్థితి
- పాన్, మూత రకం, నమూనా బరువు, రన్ తర్వాతి బరువు
- వేడి చేసిన వేగం, ఎన్నో హీటింగ్
- టీజీ ఆరంభమా, మధ్య బిందువా
- తేమ శాతం
- కరిగించాక హెచ్‌పీఎల్‌సీ శుద్ధత
- కనీసం మూడు విడి పాన్‌ల సగటు, వ్యాప్తి

చివరి అంశం దగ్గర ఒకే పాన్‌ను మూడుసార్లు నడిపి "మూడు కొలతలు" అని రాయవద్దు. ప్రతిసారీ పొడి నుంచి, తూకం నుంచి మొదలు పెట్టినవే మూడు కొలతలు.